యోయో వాక్యానికి నరసాపురం వ్యాఖ్య

యోయో ఎలా ఆడాలో చెప్పమంటే నేను ఒకే ఒక్క వాక్యం చెప్తాను. అడిగింది పిల్లలైనా, పెన్షన్ తీసుకునే పెద్దలైనా అదే వాక్యం:

"తీర్థంలో కొన్న యోయోకి, బొడ్డెత్తున తాడు కోసి, మధ్యవేలికి జారుముడి వేసి, అరచెయ్యి పైకి పెట్టి విసిరి, అడుగున నిద్రపుచ్చి, చిన్నగా గుంజి, చేతికి రప్పించాలి."

విన్నవాళ్ళు బుర్ర ఊపుతారు. ఊపి, యోయోని కిందికి వదులుతారు. అది వేలాడుతూ అలాగే ఉండిపోతుంది. కాబట్టి ఈ వాక్యానికి వ్యాఖ్యానం అవసరం. పాతకాలపు వ్యాఖ్యాతల్లాగే మూలంలోని పదాలు వరసగా విప్పుకుంటూ పోతాను. అన్ని పదాల దగ్గరా ఒకే సేపు నిలబడతానని మాత్రం మాటివ్వను.

తీర్థంలో కొన్న — భీష్మ ఏకాదశికి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కదులుతుంది. ఆ రోజు నరసాపురం రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, సఖినేటిపల్లి వైపు దిగితే గుడిదాకా దారంతా జనమే. జీళ్ళు, ఖర్జూరం, గాజులు, రబ్బరు పాములు, వాటి మధ్య గుత్తులు గుత్తులుగా వేలాడే ప్లాస్టిక్ యోయోలు. నీళ్ళు నింపిన రబ్బరు బుడగకి సాగే తాడు కట్టి దాన్నీ యోయో అనే అమ్ముతారు. అది సరదాగానే ఉంటుంది గానీ సాగే తాడు గుణం తప్ప అందులో తిరుగుడు లేదు. ఈ వ్యాఖ్యానం పరిధిలోకి అది రాదు.

చక్రాల యోయో కొనేటప్పుడు రంగు చూడకండి, లైటు చూడకండి. రెండు చక్రాల మధ్య సందులోకి తొంగి చూడండి. తాడు ఇరుసుకి ముడేసి ఉందా, లేక ఇరుసు చుట్టూ ఉచ్చులా వదులుగా ఉందా? ముడేసి ఉంటే అది కిందికెళ్ళి వెంటనే పైకొచ్చే బొమ్మ, అంతకుమించి ఏ ఆటా ఆడనివ్వదు. వదులుగా ఉంటే దానికి చదువు చెప్పొచ్చు. తర్వాత గోరు పెట్టి సందు అంచుల్ని తడమండి. అచ్చులోంచి తీసినప్పుడు మిగిలిన ప్లాస్టిక్ గరుకు అక్కడ ఉంటే తాడుని రంపంలా కోస్తుంది. తాడు పట్టుకుని వేలాడదీసి చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండు సగాలూ ఒకే గీత మీద తిరగాలి. వంకరగా ఊగుతూ తిరిగితే పక్కన పెట్టెయ్యండి. నేను ఇలా ఒక్కోటీ తీసి వెలుతురుకి పెట్టి చూస్తుంటే కొట్టు దగ్గరి ఆవిడ, "ఏటండీ, పెళ్ళి సంబంధమా? ఇరవై రూపాయల బొమ్మండీ బాబూ" అంది. నిజమే. కానీ ఇరవై రూపాయల గుత్తిలో కూడా నాలుగు మంచివి ఉంటాయి, వెతికినవాడికి.

లైట్లు వెలిగే రకాల్లో బొత్తాం బ్యాటరీలుంటాయి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాటి మూత ఊడకుండా స్క్రూ ఉందో లేదో చూడాలి. బొత్తాం బ్యాటరీ మింగితే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

యోయోకి — రెండు చక్రాలు, మధ్యన ఒక ఇరుసు, ఒక తాడు. ఇంతే సరుకు. క్రీస్తుపూర్వం 440 నాటి గ్రీకు గిన్నె ఒకటి బెర్లిన్ మ్యూజియంలో ఉంది. దాని మీద కుర్రాడు యోయో ఆడుతుంటాడు. మన దేశానికీ ఇది కొత్త కాదు. 18వ శతాబ్దపు రాజస్థానీ చిత్రాల్లో పరికిణీ కట్టిన అమ్మాయిలు యోయో ఆడుతూ కనిపిస్తారు. సూరదాసు తన పదంలో బాలకృష్ణుడి చేతికి బొంగరంతో పాటు చక్రమూ, డోరీ అంటే తాడూ కూడా ఇచ్చాడు. మా గోదావరి వైపు పిల్లలు సోడా మూత దంచి, రెండు చిల్లులు పెట్టి, దారం పోసి గుయ్యిమని తిప్పేవాళ్ళు. తాడు మెలిలో బలం దాచుకుని తిరిగే ఆట అది. యోయోకి దగ్గరి చుట్టమే.

ఆకారాలు ముఖ్యంగా రెండు. చక్రాల బొడిపె భాగం బయటికుండి, తాడు తిరిగే సందు ఇరుగ్గా ఉండేది పాత రకం. కిందికి పైకి ఆడటానికి, ముందుకి విసిరి తిప్పటానికి అది బాగుంటుంది. ఆ సగాల్ని వెనక్కి తిప్పి బిగిస్తే సందు బయటికి విచ్చుకుని సీతాకోకచిలుక ఆకారం వస్తుంది. తాడు మీద యోయోని కూర్చోబెట్టే ఆటలన్నిటికీ ఇదే కావాలి. డంకన్ కంపెనీ మొదటిదాన్ని ఇంపీరియల్ అనీ, రెండోదాన్ని బటర్‌ఫ్లై అనీ 1950ల నుంచీ అమ్ముతోంది. రెండూ ఇవాళ్టికీ చవక రకాలే. తీర్థంలో దొరికేవి చాలా వరకు మొదటి దాని నకళ్ళు.

బరువు సంగతి ఒక్క ముక్క. పోటీలవాళ్ళు వాడేవి అరవై నుంచి డెబ్బై గ్రాముల మధ్య ఉంటాయి. తీర్థం సరుకు అందులో సగం కూడా తూగదు. బరువు ఎంతుందన్న దానికన్నా ఎక్కడుందన్నది ముఖ్యం. అంచుల్లో ఉంటే ఎక్కువ సేపు తిరుగుతుంది. అందుకే కొందరు మూతలు ఊడదీసి, రెండు పక్కలా ఒకే బరువున్న వాషర్లు అతికిస్తారు. పని చేస్తుంది, కానీ నడిమధ్యన అతికిస్తే లాభం తక్కువ. పక్కకి జరిగితే చక్రం వణుకుతుంది.

బొడ్డెత్తున — యోయోని నేల మీద నిలబెట్టి, తాడు నిటారుగా పైకి లాగి, బొడ్డు దగ్గరకి కొలవాలి. అక్కణ్ణించి జారుముడికి నాలుగు వేళ్ళ వెడల్పు అదనంగా వదిలి కోయాలి. పెద్దవాళ్ళకి సరిపోయే తాడుతో ఎనిమిదేళ్ళ పిల్ల ఆడితే చక్రం నేలకి కొట్టుకుంటుంది. దుకాణంలో కొన్న పొడుగు తాడుని కోయకుండా పిల్ల చేతికిచ్చి, దానికి రావట్లేదని కోప్పడేవాళ్ళని చూశాను. ముందు కత్తెర తియ్యండి.

తాడు కోసి — ఈ పదం దగ్గర కాస్త కూర్చుందాం. చవక యోయోలో చవకగా చేసింది ప్లాస్టిక్కుని కాదు, తాడుని. తీర్థం యోయోకి వచ్చేది నైలాన్ పురి. జారిపోతుంది, ఇరుసుని పట్టుకోదు, ముడి ఊడుతుంది. దాన్ని పీకేసి మంచి నూలు తాడు వేస్తే అదే యోయో వేరే వస్తువైపోతుంది. ఈ విషయంలో నరసాపురం వాళ్ళం అదృష్టవంతులం.

మా ఊరిది లేసు ఊరు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషే అల్లిక ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటి పనైంది. మరియా మీస్ 1982లో నరసాపురం లేసు పనివాళ్ళ మీద పుస్తకమే రాసింది. వాకిట్లో కూర్చుని ఎగుమతికి అల్లిపెట్టే ఆడవాళ్ళని లెక్కల్లో పనివాళ్ళుగానే చూడకపోవటం, చేతికొచ్చే కూలి అన్యాయంగా ఉండటం, అందులో ఉన్న విషయం అదే. సీతారామపురంలో లేసు పార్కు వచ్చింది; 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. దారం ఉండలు మాత్రం ఊళ్ళో ఎప్పుడూ దొరికేవే. నునుపైన, గట్టి నూలు దారం. యోయోకి కావలసిందీ అదే.

యోయో తాడు ముడితో మొదలవదు, మెలితో మొదలవుతుంది. లేసు దారం లావుని బట్టి రెండో మూడో పోగులు, ఒక్కోటి మూడు మీటర్లకి తక్కువ కాకుండా తీసుకోండి. ఒక కొస కిటికీ ఊచకి కట్టండి. రెండో కొసని క్రోషే సూది కొక్కేనికి తగిలించి, దారం బిగువుగా పట్టుకుని సూదిని ఒకే వైపుకి తిప్పుతూ పోండి. కాసేపటికి దారం గట్టిపడి, కాస్త వదులు చేస్తే చాలు, తనంతట తానే ముడుచుకుపోయి చిన్న చిన్న కొండెలు పడుతుంది. అప్పుడు ఆపాలి. ఒకరిని దారం నడుమ వేలు పెట్టి పట్టుకోమని, రెండు కొసలూ దగ్గరికి తీసుకురండి. బిగువు పోకుండా మెల్లగా నడుమ వేలు తీసేస్తే రెండు సగాలూ గిరగిరా ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. కొసలు కలిపి ముడేస్తే తాడు తయారు. మడత పడిన చోట ముడి లేదు, అతుకు లేదు. అక్కడ మెలి కొంచెం వెనక్కి విప్పితే కన్ను తెరుచుకుంటుంది. చక్రాన్ని ఆ కన్నులోంచి దూర్చి వదిలితే మళ్ళీ మెలిపడి ఇరుసుని చుట్టుకుంటుంది. అమెరికాలో తాళ్ళని పోగుల లెక్కతో 'టైప్ 6', 'టైప్ 8' అని అమ్ముతారు. ఇప్పుడు పోటీలవాళ్ళు ఎక్కువగా పాలియెస్టర్ వాడుతున్నారు. అది నూలుకన్నా మన్నుతుంది. చెక్క ఇరుసో ప్లాస్టిక్ ఇరుసో ఉన్న చవక యోయోకి మాత్రం నూలే మంచిది. రాపిడికి పాలియెస్టర్ కరిగి మెరుపు తేలుతుంది.

లేసు అల్లే ఇంట్లో దారానికి లెక్క ఉంటుందని మరచిపోవద్దు. తూకం వేసి ఇచ్చిన దారం, అల్లిన సరుకుగా తిరిగి వెళ్ళాలి. దాంట్లోంచి పిల్లలు మూడేసి మీటర్లు లాగితే తిట్లు తప్పవు. విడిగా ఉండ కొనుక్కోండి.

మధ్యవేలికి జారుముడి వేసి — తాడు చివర వేసిన చిన్న ఉచ్చులో నేరుగా వేలు పెట్టకూడదు. ఆ ఉచ్చులోంచి తాడునే లాగి, జారే ఉచ్చు చేసి, మధ్యవేలి మొదటి, రెండో కణుపుల నడుమ బిగించాలి. చూపుడువేలికి వేస్తే విసురు వంకరపోతుంది. వేలు ఎర్రబడితే తీసి రుద్దుకోవాలి, నీలంగా మారేదాకా ఆడేది వీరత్వం కాదు.

అరచెయ్యి పైకి పెట్టి విసిరి — కొత్తవాళ్ళు అరచెయ్యి నేల వైపు పెట్టి యోయోని వదిలేస్తారు. ఇరుసు వ్యాసం చక్రం వ్యాసంలో తొమ్మిదో వంతు ఉందనుకోండి. ఊరికే వదిలిన రాయి వేగం ఎంత చప్పున పెరుగుతుందో, వదిలేసిన యోయో వేగం అందులో నలభయ్యో వంతు చొప్పున మాత్రమే పెరుగుతుంది. ఎందుకంటే పడే బలమంతా తిరగటానికే ఖర్చవుతుంది. మీటరు దిగటానికి మూడు సెకన్ల దాకా పడుతుంది. కాబట్టి దాన్ని వదలకూడదు, కొట్టాలి. చెయ్యి మడిచి, కండ చూపిస్తున్నట్టు అరచెయ్యి భుజం దగ్గరికి తెచ్చి, తాడు యోయో పైనుంచి వేలికి వచ్చేలా పట్టుకుని, మోచెయ్యి విప్పుతూ మణికట్టు విదిలిస్తూ ఎదుటికీ కిందికీ విసరాలి. తాడు యోయో కింది నుంచి వస్తుంటే చుట్టిన వైపు తప్పని అర్థం. చేతిలోనే తిప్పి పట్టుకోండి.

వలంధర రేవు గట్టు మీద సాయంత్రం ఆడితే గాలి హాయిగా ఉంటుంది గానీ తేలిక యోయోని గాలి పక్కకి నెట్టేస్తుంది. నేర్చుకునే రోజుల్లో గోడ నీడన నిలబడండి. ఇంట్లో అయితే ఫ్యాను ఆపండి. ట్యూబులైటు గురించి నేను చెప్పనక్కర్లేదు.

అడుగున నిద్రపుచ్చి — తాడు కొసకి చేరిన యోయో పైకి రాకుండా అక్కడే గిర్రున తిరుగుతుండటాన్ని ఆటగాళ్ళు నిద్ర అంటారు. ఆట అంతా ఈ నిద్ర మీదే నిలబడింది. ఇరుసుకి తాడు ముడేసిన రోజుల్లో నిద్ర లేదు. ఫిలిప్పీన్స్ నుంచి అమెరికా వెళ్ళిన పెడ్రో ఫ్లోరెస్ 1928లో కాలిఫోర్నియాలోని సాంటా బార్బరాలో కంపెనీ పెట్టి అమ్మిన యోయోలకి తాడు ఇరుసు చుట్టూ వదులు ఉచ్చుగా ఉండేది. ఆ ఒక్క మార్పుతో బొమ్మ ఆట అయింది. ఆ వ్యాపారాన్ని డొనాల్డ్ డంకన్ కొనేశాడు. 1932లో లండన్‌లో జరిగిన ప్రపంచ పోటీలో హార్వీ లోవ్ అనే పదమూడేళ్ళ చైనీస్ కెనడా కుర్రాడు గెలిచాడు. 'యోయో' అన్న పేరు మీద డంకన్‌కి ఉన్న హక్కు 1965లో కోర్టులో పోయింది. అప్పట్నుంచి ఎవరైనా ఆ పేరుతో అమ్ముకోవచ్చు, మన తీర్థం కొట్టుతో సహా.

నిద్రకి భూమ్యాకర్షణ కూడా కావాలి. 1985 ఏప్రిల్‌లో డిస్కవరీ అంతరిక్ష నౌకలో వెళ్ళిన వ్యోమగామి డేవ్ గ్రిగ్స్ పసుపు రంగు యోయో తీసుకెళ్ళాడు. అక్కడ తాడుని బిగువుగా లాగి ఉంచే బరువు లేదు. కొసకి వెళ్ళిన యోయో నిద్రపోకుండా వెనక్కి వచ్చేసేది.

మామూలు ఇరుసు మీద నిద్ర కొన్ని సెకన్లే. శాన్‌ఫ్రాన్సిస్కోలో పళ్ళ డాక్టరు టామ్ కూన్ 1978లో విప్పి బిగించుకునే చెక్క యోయో తెచ్చాడు, 1990లో బేరింగుతో అల్యూమినియం యోయో తెచ్చాడు. బేరింగొచ్చాక నిద్ర నిమిషాల్లోకి వెళ్ళింది. ఇప్పుడు ఎక్కువ యోయోల్లో వాడే 'సైజ్ సి' బేరింగు లోపలి వ్యాసం 6.35 మిల్లీమీటర్లు, బయటిది 12.7. ఫిడ్జెట్ స్పిన్నర్ల వెర్రి నడిచినప్పుడు కొన్నిటి నడుమ ఉన్నదీ ఇదే కొలత. పాత స్పిన్నరు ఇంట్లో మూల పడి ఉంటే పారెయ్యకండి.

మాది సముద్రం దగ్గరి ఊరు. ఉప్పుగాలికి బేరింగులో తుప్పు త్వరగా దిగుతుంది. గరగరమంటే పక్క రేకు ఊడదీసి, థిన్నరులో కడిగి, బాగా ఆరబెట్టి, కుట్టు మిషను నూనె ఒక్క చుక్క, అదీ సూది మొనతో. ఎక్కువ పోస్తే బేరింగు బరువుగా తిరిగి యోయో తనంతట తానే పైకొచ్చేస్తుంది. వానాకాలం నూలు తాడు చెమ్మ పీల్చి ఉబ్బుతుంది. సన్న సందున్న యోయోలో అది నిద్రని చెడగొడుతుంది. రోజూ తాడు విప్పి ఆరేసుకోవాలి.

యోయో ఎంతకీ నిద్రపోకుండా వచ్చేస్తుంటే తాడు మెలి బిగిసిందని గుర్తు. ఎంత గుంజినా రాకపోతే మెలి వదులైందని. రెండింటికీ మందు ఒకటే: తాడుని వేలి నుంచి తీసి, కొస పట్టుకుని, చక్రాన్ని కిందికి వేలాడనిచ్చి, దానంతట దాన్ని తిరగనివ్వండి. మెలి సర్దుకుంటుంది.

చిన్నగా గుంజి — గుంజితే తాడు ఒక్క క్షణం వదులవుతుంది. ఆ వదులులో ఉచ్చు ఇరుసుని పట్టుకుంటుంది, చుట్టుకోవటం మొదలవుతుంది. కాబట్టి గట్టిగా లాగటం దండగ. బేరింగు వెడల్పుగా, సందు విశాలంగా ఉన్న పోటీ యోయోలు ఎంత గుంజినా రావు; అవి కావాలని అలా చేసినవే. తాడుతో చక్రం చుట్టూ ఒక మడత వేసి సందులోకి తోసి, మడతలు చక్రాల లోపలి పక్కనుండే రబ్బర్లకి తగిలి పట్టుకునేలా చేస్తే పైకొస్తుంది. దాన్ని బైండ్ అంటారు. యూట్యూబులో అబ్బురపడి ఖరీదైన అల్యూమినియం యోయో తెప్పించుకున్న పిల్లలు, అది పైకి రావటం లేదని మూలన పడేయటం చాలా ఇళ్ళల్లో చూస్తున్నాం. యోయోలో లోపం లేదు. మొదట గుంజితే వచ్చే రకం కొనాలి, గుంజినా రానిది తర్వాత. మ్యాజిక్‌యోయో కె1 లాంటి ప్లాస్టిక్ రకాలు వెయ్యికి అటూ ఇటూగా దొరుకుతాయి, బేరింగుంటుంది. తీర్థం యోయోకి లేసు దారం వేసి చేతికి వచ్చేలా చేసుకున్నవాళ్ళు దీనికి ఎక్కితే చాలు. ఆ పైన ధర పెరిగేకొద్దీ పెరిగే సుఖం తక్కువ. 2014లో ప్రాగ్‌లో ప్రపంచ పోటీ గెలిచిన జెంట్రీ స్టెయిన్ చేతిలో ఉన్న షటర్ యోయో యాభై డాలర్ల లోపుది. దానికి రెండు మూడు రెట్ల ధర పలికేవి అప్పటికే బజార్లో ఉన్నాయి.

చేతికి రప్పించాలి — అరచెయ్యి ఇప్పుడు నేల వైపు తిప్పాలి, వేళ్ళు కొంచెం ముడవాలి. పైకొచ్చే చక్రాన్ని ఎదురెళ్ళి పట్టుకోకూడదు. దాన్ని రానివ్వాలి, వచ్చాక మూయాలి. అల్యూమినియం యోయో అయితే వేలి కణుపుకి తగిలి ప్రాణం పోయినంత పని చేస్తుంది కనక ఇంకా జాగ్రత్త. పది సార్లు చేతికొచ్చిన యోయో పదకొండోసారి రాకపోతే తప్పు చేతిలో వెతక్కండి, ముందు తాడు చూడండి. వేలి దగ్గర నూగు లేచి ఉంటుంది, లేదా ఇరుసు దగ్గర ఒక పోగు తెగి ఉంటుంది. ఆ తాడుతో ఇక విసరొద్దు. తెగితే చక్రం ఎదురింటి కిటికీకి వెళ్తుంది. దారం ఉండ ఎలాగూ ఇంట్లోనే ఉంది. ఇంకోటి మెలిపెట్టుకోండి, ఇద్దరు కలిసి చేస్తే ఐదు నిమిషాల పని.